బరువులెత్తకుండా నడుముకు బలం

రెక్కాడితే గాని డొక్కాడదని మన సామెత. ఆ రెక్క ఆడవలెనంటే ముందు నడుము నిలవవలెను. నీళ్ల బిందె ఎత్తినా, బిడ్డను చంకన వేసుకున్నా, బస్సు మెట్టెక్కినా భారమంతా నడుము గుండానే కాళ్లకు దిగుతుంది. యంత్రాలు, ఇనుప బరువులు ఏమీ లేకుండా, ఇంట్లో ఒక చాప పరచుకుని నడుముకు బలం చేకూర్చుకునే పద్ధతిని ఈ వ్యాసంలో వివరిస్తాను. అయితే నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల పాఠకులు దానికి ముందే గ్రహించవలసిన విషయం ఒకటి ఉన్నది. నడుము బలహీనపడడం వేరు, బిగుసుకుపోవడం వేరు. మొదటిదానికి వ్యాయామమే ఔషధం. రెండవదానికి తెలియక చేసిన వ్యాయామం అపకారం.

బలం ఎందుకు తగ్గింది?

మా ప్రాంతంలో పూర్వం నడుముకు ప్రత్యేకంగా వ్యాయామం అవసరమయ్యేది కాదు. తెల్లవారక ముందే ఇసుర్రాయి ముందు కూర్చుని జొన్నలు విసరడం, చేదబావి నుంచి నీళ్లు తోడడం, రోకటితో దంచడం, నేలమీద కూర్చుని తిని చేతి ఊతం లేకుండా లేవడం, ఇవన్నీ నడుముకు నిత్యాభ్యాసాలు. నేడు పిండి గిర్నీ నుంచి వస్తుంది, నీరు నల్లాలో వస్తుంది, భోజనం బల్లమీదికి వస్తుంది. ఈ సౌకర్యాలు తప్పు కావు. ఆ పనులలోని కష్టాన్ని తిరిగి కోరుకోవలసిన పని కూడా లేదు. కాని వాటితోపాటు పోయిన కదలికను మాత్రం మనమే తెచ్చుకోవలెను.

కష్టం ఎక్కువైతే బలం వస్తుందనుకోవడం కూడా పొరపాటు. దేశమంతటా ఆనకట్టలకు, కాలువలకు మట్టి మోసిన పాలమూరు కూలీల శ్రమ జగమెరిగినది. అంతటి శ్రమకు తగిన తిండి, విశ్రాంతి లేకపోతే శరీరం అరిగిపోతుంది. అతి వ్యాయామం చేసేవానిని వాగ్భటాచార్యుడు ఏనుగును ఈడ్వబోయి నశించే సింహంతో పోల్చాడు.

నడుము అంటే ఏది?

నడుము అనగానే వెన్ను వెనుక భాగమే మనకు స్ఫురిస్తుంది. నిజానికి అది నాలుగు వైపులా కండరాలు కట్టిన పెట్టె వంటిది. ముందు, పక్కల పొట్ట కండరాలు, వెనుక వెన్నుపూసలను పట్టి ఉంచే కండరాలు, పైన శ్వాసను నడిపే ఉదరవితానం, అడుగున మలమూత్రాలను నిలిపే కండరాలు ఉంటాయి. ఈ నాలుగూ కలిసి పనిచేసినప్పుడే వెన్నెముక నిటారుగా నిలుస్తుంది. పొట్ట కండరాలు వదులైతే ఆ భారం వెన్నుపై పడుతుంది. అందుచేత వీపు నొప్పికి వీపునే కాక పొట్టను కూడా చూడవలెను.

ఆయుర్వేదం పక్వాశయాన్ని, కటిని, తొడలను, ఎముకలను వాతస్థానాలుగా చెప్పింది. కదలిక లేకపోయినా, అతిగా కదలినా, రూక్షాహారం తిన్నా వాతం ప్రకోపించి ముందుగా కటినే పట్టుకుంటుంది.

ముందుగా మూడు పరీక్షలు

మన ప్రాంతపు నేల అడుగున గ్రానైటు రాయి ఉన్నది. ఆ రాతిలోని ఫ్లోరైడ్ భూగర్భజలంలో కరుగుతుంది. మర్రిగూడ, మునుగోడు, చండూరు వైపు పల్లెలు తరతరాలుగా దీని ఫలితాన్ని అనుభవించాయి. 2016లో ఆరంభమైన మిషన్ భగీరథ ద్వారా నదీజలాలు ఇళ్లకు రావడంతో పరిస్థితి ఎంతో మెరుగుపడింది. అయినా అంతకుముందు ఏళ్ల తరబడి బోరు నీరు తాగినవారి ఎముకలలో చేరిన ఫ్లోరైడ్ అంత త్వరగా పోదు. అది వెన్నెముక సంధి బంధాలను గట్టిపరచి నడుమును, మెడను బిగించివేస్తుంది.

కనుక అభ్యాసం ప్రారంభించే ముందు ఈ మూడింటిని నెమ్మదిగా, బలవంతం లేకుండా చేసి చూసుకోండి.

1. నిలబడి మోకాళ్లు వంచకుండా పాదాల వేళ్లను తాకడం.
2. నోరు మూసి గడ్డాన్ని రొమ్ముకు ఆనించడం.
3. చేతులు పక్కలకు చాచి, మోచేతులు మడిచి, తల వెనుక భాగాన్ని తాకడం.

మొదటిది ఒక్కటే రాకపోతే భయపడవలసిన పని లేదు. తొడ వెనుక కండరాలు బిగిసినవారికి అది రాదు. మూడూ కష్టమై, చాలా ఏళ్లు బోరు నీరు తాగిన చరిత్ర ఉంటే మాత్రం వైద్యుని వద్ద మూత్రంలో ఫ్లోరైడ్ పరీక్ష, ఎక్స్‌రే చేయించుకోవలెను. ఇట్టివారు వీపును బలంగా వంచరాదు, విరవరాదు, ఇతరులచేత తొక్కించుకోరాదు. ఒక విషయం స్పష్టంగా చెప్పడం వైద్యునిగా నా ధర్మం. గట్టిపడిన ఆ బంధాలను ఏ తైలమూ, ఏ కషాయమూ కరిగించదు. నీటిని మార్చడమే మొదటి చికిత్స.

ఫ్లోరైడ్ లీటరు నీటిలో 1 మిల్లీగ్రాముకు మించకుండా ఉండడం మంచిది. వేరే నీరు దొరకని చోట 1.5 మిల్లీగ్రాములు గరిష్ఠ పరిమితి. నీటిని కాచితే ఫ్లోరైడ్ పోదు. నీరు ఆవిరై తగ్గేకొద్దీ దాని గాఢత పెరుగుతుంది. ఇప్పటికీ వంటకు, తాగడానికి బోరు నీరు వాడుతున్నవారు తప్పక పరీక్ష చేయించుకోవలెను.

అభ్యాస క్రమం

ఉదయం కాలకృత్యాలు తీర్చుకుని, ఖాళీ కడుపుతో, చాపమీద చేయవలెను. ఏ అభ్యాసంలోనూ శ్వాస బిగపట్టరాదు.

ఉదర సంకోచం: వెల్లకిల పడుకుని మోకాళ్లు మడవండి. శ్వాస వదులుతూ బొడ్డును మెల్లగా లోపలికి తీసుకోండి. ఐదు లెక్కపెట్టేంత సేపు మామూలుగా ఊపిరి పీలుస్తూ ఆ బిగువు నిలపండి. 8 సార్లు చేయండి. తక్కిన వాటికి ఇదే పునాది.

సేతుబంధం: అదే స్థితిలో పాదాలు నేలకు నొక్కి పిరుదులను పైకెత్తండి. భుజాల నుంచి మోకాళ్ల వరకు ఒకే వాలు ఉండవలెను. ఐదు లెక్కపెట్టి మెల్లగా దించండి. 8 సార్లు.

చేయి కాలు చాచడం: అరచేతులు, మోకాళ్లు నేలకు ఆనించి చతుష్పాద జంతువు వలె నిలవండి. కుడి చేతిని ముందుకు, ఎడమ కాలిని వెనుకకు చాచండి. వీపుమీద నీళ్ల చెంబు ఉన్నదనుకోండి, అది ఒలకరాదు. మార్చి మార్చి వైపుకు 5 సార్లు.

ఫలకాసనం: బోర్లా పడుకుని మోచేతులపై, మోకాళ్లపై దేహాన్ని పలకవలె నిలపండి. నడుము కుంగరాదు, పైకి లేవరాదు. 10 సెకన్లతో ఆరంభించి, కొన్ని వారాలలో 30 సెకన్లకు పెంచండి. అది సులువైన తరువాతే మోకాళ్లెత్తి పాదాల వేళ్లపై నిలవండి.

కుర్చీ బస్కీలు: కుర్చీ అంచున కూర్చుని, చేతి ఊతం లేకుండా లేచి మెల్లగా కూర్చోండి. 10 సార్లు. వృద్ధులు కుర్చీని గోడకు ఆనించి, పక్కన ఒకరిని నిలుపుకుని చేయవలెను.

వీపు బిగుసుకున్నవారు ఉదర సంకోచం, కుర్చీ బస్కీలు మాత్రమే, అది కూడా వైద్యుని అనుమతితో చేయవలెను.

ఎంత చేయవలెను?

మన శాస్త్రం అర్ధబలమన్న కొలత చెప్పింది. ఉన్న శక్తిలో సగం వరకే వ్యాయామం చేయవలెను. నుదుట, చంకలలో చెమట పట్టి, ఊపిరి నోటితో తీయవలసి వచ్చిందంటే ఆనాటికి చాలు. శీతకాలంలో, వసంతంలో ఈ మేరకు చేయవచ్చును. మన వేసవిలో ఇంకా తగ్గించి, సూర్యోదయానికి ముందే ముగించవలెను. వారానికి ఐదు రోజులు, రోజుకు పావుగంట చాలు. ఒకనాడు గంటసేపు చేసి వారమంతా మానడం వలన ప్రయోజనం లేదు.

తైలం, ఆహారం

అభ్యాసానికి ముందు గోరువెచ్చని నువ్వుల నూనెను నడుముకు, తొడలకు మృదువుగా మర్దించడం వలన కండరాల బిగువు సడలుతుంది. ఆహారంలో జొన్నరొట్టెతోపాటు పెసలు, కందులు, పాలు, పెరుగు, మునగాకు, నువ్వులు ఉండవలెను. పప్పు లేని రొట్టె కడుపు నింపుతుందే గాని కండను పెంచదు. ఉసిరి, జామ వంటి పుల్లని ఫలాలు ఫ్లోరైడ్ ప్రాంతాలవారికి మరింత అవసరం. ఆ ప్రాంతాలవారు టీ తగ్గించవలెను, టీ ఆకులో ఫ్లోరైడ్ సహజంగానే ఉంటుంది. నల్ల ఉప్పు కలిసిన పాచక చూర్ణాలను కూడా వారు మానవలెను. ఈ మాట ఆయుర్వేద వైద్యులమైన మేము మా రోగులకు మరువక చెప్పవలసినది.

ఎవరు చేయరాదు?

గర్భిణులు, కొత్తగా ప్రసవించినవారు, హెర్నియా ఉన్నవారు, ఇటీవల శస్త్రచికిత్స జరిగినవారు వైద్యుని అడగకుండా వీటిని చేయరాదు. అధిక రక్తపోటు, గుండె జబ్బు ఉన్నవారు కూడా ముందు వైద్యుని సంప్రదించవలెను. నడుము నొప్పితోపాటు కాళ్లు తిమ్మిరెక్కి బలం తప్పినా, మలమూత్రాలు అదుపు తప్పినా, జ్వరం వచ్చినా, కారణం లేకుండా బరువు తగ్గినా ఇంటి వైద్యం కట్టిపెట్టి వెంటనే ఆసుపత్రికి వెళ్లవలెను.

నొప్పి లేని ఇంట్లోనూ ఈ మూడు పరీక్షలను పెద్దలు, పిల్లలు అందరూ ఒకసారి చేసి చూసుకోండి. వంగగలిగినవారు రేపటి నుంచే చాప పరచండి. వంగలేనివారు ముందుగా తాము తాగే నీటిని పరీక్షకు పంపండి.