వంక గట్టు మేడిమాను

మదనపల్లె,
మే 18.

చి.సౌ. సుధకు పెదనాన్న దీవించి రాయునది.

నీ ఉత్తరం నిన్న అందింది. బోరులో నీళ్లు బాగానే పడ్డాయని, ఇల్లు పునాది మట్టం దాటిందని మీ పెద్దమ్మకు చదివి వినిపించాను. సంతోషపడింది. ఇక నువ్వడిగిన సంగతి. వంక గట్టున ఉన్న మేడిమానును కొట్టించేసి ఆ చోట అంజూర పెట్టాలని అల్లుడి ఆలోచన. పండ్లు రాలి ఈగలు ముసురుతున్నాయి, ఏ పండు విప్పినా పురుగులే, పెదనాన్న ఏమంటాడో కనుక్కో అన్నాడని రాశావు. కొట్టొద్దంటాను. అంజూర పెట్టుకోవద్దని మాత్రం అనను. మీ నేలలో అంజూర నిలబడాలంటే మేడి ఉండాలి. ఆ లెక్క తర్వాత చెప్తాను.

ముందు పురుగుల విషయం తేల్చుకుందాం. వేమన పద్యం బడిలో వల్లెవేసిన పుణ్యమా అని మేడిపండంటే పైకి మెరుగు, లోపల కుళ్లు అని మన బుర్రల్లో స్థిరపడిపోయింది. ఆయన సమాధి ఉన్న కటారుపల్లి మీకు దగ్గరే కదా, ఎప్పుడైనా వెళ్లి రండి. ఆయన మాట అన్నది మనుషుల్ని. మనం శిక్ష వేసింది చెట్టుకి.

రేపు పొద్దున్నే ఒక పని చెయ్యి. పూర్తిగా పండింది కాకుండా, అప్పుడప్పుడే ఎరుపు తిరుగుతూ ఇంకా గట్టిగా ఉన్న కాయ ఒకటి కోసుకురా. పాలు కారిపోయేదాకా ఆగి, తెల్ల కాగితం మీద పెట్టి బ్లేడుతో నిలువునా చీల్చు. లోపలి గోడకు ఒత్తుగా అంటుకుని కనిపించేవన్నీ పువ్వులు. మేడి పువ్వు ఎవరికీ కనబడదంటారు గానీ, పూత లోపలి వైపుకి ఉంటే బయటి వాళ్లకి ఎలా కనబడుతుంది? ఆ పువ్వుల మధ్య నుంచి నల్లగా, రెక్కలతో, మహా అయితే రెండు మిల్లీమీటర్ల పొడవున్న పురుగులు గబగబా కాగితం మీదికి వస్తాయి. అవి ఆడ కందిరీగలు, నేను మేడి ఈగలంటాను. రెక్కలు లేకుండా, లేత గోధుమ రంగులో, వంకరగా ముడుచుకుని కదిలేవి మగవి. కుట్టవు, భయపడకు.

కాయకి తొడిమ ఉన్న వైపు కాకుండా రెండో కొసన సన్నటి కన్నం ఉంటుంది. కాయ లేతగా ఉన్నప్పుడు ఆడ ఈగ ఆ కన్నంలోంచి దూరుతుంది. దారి ఎంత ఇరుకంటే రెక్కలు అక్కడే విరిగిపోతాయి. మళ్లీ బయటికి రావడమనేది లేదు. వేరే చెట్టు నుంచి తెచ్చిన పుప్పొడిని లోపలి పువ్వులకు అంటించి, కొన్నిట్లో గుడ్లు పెట్టి, అక్కడే చచ్చిపోతుంది. గుడ్లు పడిన పువ్వుల్లో పిల్లలు పెరుగుతాయి, మిగతావి గింజ కడతాయి. మగ పిల్లలు ముందు బయటపడి, ఆడవాటితో జతకట్టి, కాయ గోడకి బొరియ తొలిచి, పని ముగించి కన్నుమూస్తాయి. ఆడవి పుప్పొడి మోసుకుంటూ ఆ బొరియలోంచి ఎగిరిపోతాయి. వాటి ఆయుష్షు ఒకటి రెండు రోజులు. మన మేడికి ఈ పని చేసిపెట్టే ఈగ ఒకటే, దాని పేరు సెరటోసోలెన్ ఫ్యూసిసెప్స్. ఆ ఈగకు పిల్లల్ని పెంచుకోవడానికి మేడి తప్ప దిక్కులేదు. కాబట్టి నువ్వు పురుగులు అంటున్నవి లేకపోతే గింజ లేదు, గింజ లేకపోతే మేడి లేదు.

కాయ మీద బయట వాలి, వెంట్రుకలా పొడుగాటి సూదిని లోపలికి దించే ఈగల్ని కూడా చూస్తావు. అవి దొంగలు. పుప్పొడి మొయ్యవు, గోడ బయటి నుంచే లోపల గుడ్లు పెట్టిపోతాయి. అలాంటి ఒక ఈగ సూది కొసన జింకు ఉంటుందని బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థ వాళ్లు 2014లో బయటపెట్టారు. గట్టి కాయను తొలవడానికి ఆ లోహపు మొన. ఇంత కార్ఖానా నడుస్తున్న కాయని కుళ్లు అంటే నాకు ఒప్పదు.

ఈ ఈగ లేకపోతే ఎంత చాకిరీ చెయ్యాలో ఈజిప్టు వాళ్లకి తెలుసు. మన మేడికి దగ్గరి చుట్టమైన మేడి జాతి ఒకటి అక్కడ వేల ఏళ్లుగా పెంచారు. దాని చెక్కతో శవపేటికలు చేశారు. చెట్టు వెళ్లింది గానీ దాని ఈగ అక్కడ నిలవలేదు. దాంతో మనిషే చెట్టెక్కి ఒక్కొక్క కాయకీ కత్తితో గాటు పెడితే, అది కొద్ది రోజుల్లో పండేది. గింజ కట్టదు కాబట్టి కొమ్మలు నాటుకుంటూ పోవడమే. మీ పక్కింటి మేరీ ఆంటీని అడిగితే బైబిల్లో జక్కయ్య ఎక్కిన మేడిచెట్టు కథ చెబుతుంది. అది ఈ జాతే. అదే చుట్టానికి ఈగ ఉన్న చోట, ఆఫ్రికా నమీబ్ ఎడారిలో, ఆ ఈగలు గాలివాటున 160 కిలోమీటర్ల దూరం దాకా పుప్పొడి మోసుకుపోతాయని తేల్చారు.

ఇక్కడే అల్లుడు లెక్క తప్పుతున్నాడు. మేడిని ఒక్క చెట్టుగా చూస్తున్నాడు. ఒక చెట్టు మీద కాయలన్నీ ఇంచుమించు ఒకే ఈడువి. ఈగలు బయటికొచ్చే రోజున ఆ చెట్టు మీద లేత కాయ దొరకదు, ఇంకో చెట్టు వెతుక్కోవాల్సిందే. ఒక చెట్టు కాపు అయ్యేసరికి మరో చెట్టు మొదలుపెట్టాలి. అలా ఏడాది పొడుగునా ఎక్కడో ఒకచోట కాయ ఉంటేనే ఆ చుట్టుపక్కల ఈగ బతుకుతుంది. మీ వంక వెంబడి మేడిమాన్లు ఎన్ని మిగిలాయో ఒకసారి నడిచి చూసి రండి. ఉన్నవి తక్కువైతే మీది కొట్టడం ఒక్క చెట్టుతో పోయే నష్టం కాదు. టమాటా మళ్లకి వారానికోసారి మందు కొట్టే చోట ఈ ఈగలకి అసలే గడ్డుకాలం.

పిట్టల సంగతి వేరే చెప్పక్కర్లేదు. అడవిలో మిగతా పండ్లు కరువైనప్పుడు కూడా మేడి పండుతుంది. గోరింకలు, కోకిలలు, కంసాలి పిట్టలు, రాత్రయితే గబ్బిలాలు. ప్రపంచంలో మేడి, మర్రి, రావి కుటుంబం పండ్లు తినే పక్షులూ జంతువులూ కలిపి 1,200 జాతులకు పైనే లెక్క తేలాయి. టమాటా మీదికి, మామిడి మీదికి వచ్చే పిట్టల్ని కొంతైనా ఆపేది ఈ మానే అని నా నమ్మకం. అల్లుడు దీన్ని ఒప్పుకోకపోయినా ఫర్వాలేదు.

ఇప్పుడు అంజూర. అనంతపురం వైపు రైతులు వేసే అంజూరకి ఈగతో పని లేదు, పుప్పొడి పడకుండానే కాయ పండుతుంది. దాని పీడ వేరే ఉంది. వేరుబుడిపె నులిపురుగు. మీలా ఏళ్ల తరబడి టమాటా పండించిన నేలలో అది ఉండే అవకాశం ఎక్కువ. పీకిన టమాటా మొక్క వేళ్లకి ఉండలు ఉండలుగా బుడిపెలు చూశావా, అదే. సొంత వేరు మీద నాటిన అంజూర ఆ నేలలో నాలుగు రోజులు పచ్చగా ఉండి తర్వాత గిడసబారిపోతుంది. మేడి వేరు ఆ పురుగుని తట్టుకుంటుంది. అందుకే మేడి మొక్కని వేరుమూలంగా పెంచి, దాని మీద అంజూర అంటు కట్టుకోవాలి. అంటు కోసం మేడి నారు కావాలి, నారు కోసం గింజలు కావాలి, గింజల కోసం ఆ వంక గట్టు మాను కావాలి. అల్లుడికి ఈ నాలుగు వాక్యాలూ రెండుసార్లు చదివి వినిపించు.

నారు పెంచే పద్ధతి చెప్తాను, నర్సరీలో చాకిరీ చేసిన వాడిని కాబట్టి కాస్త చాదస్తంగా ఉంటుంది. చెట్టు మీద మెత్తబడిన ఎర్రటి పండ్లు తీసుకో. బకెట్ నీళ్లలో పిసుకు. గుజ్జు, తాలు తేలతాయి, మంచి గింజ అడుక్కి దిగుతుంది. వడకట్టి నీడలో ఆరబెట్టు. గింజ ఆవగింజ కన్నా చిన్నది, అందుకని పొడి ఇసుకలో కలిపి చల్లాలి. వెడల్పాటి మట్టి మూకుడు అడుగున ఇటుక ముక్కలు, పైన జల్లించిన ఎర్రమట్టి, ఇసుక, కాస్త బొగ్గుపొడి. పైన చల్లు, అంతే. మట్టి కప్పొద్దు. దానికి వెలుతురు తగలాలి. పిట్ట రెట్టతో గోడ సందులో పడి మొలిచే జాతి ఇది, లోతుగా పాతితే మొలవదు. నీళ్లు పైనుంచి పోస్తే గింజ కొట్టుకుపోతుంది. మూకుడిని నీళ్ల పళ్లెంలో పెట్టి అడుగు నుంచి తడి పీల్చుకోనివ్వు. పైన పాలిథీన్ కాగితం కప్పి, రోజూ ఓసారి తీసి గాలి తగలనివ్వు, లేకపోతే నారు కుళ్లిపోతుంది. రెండు మూడు వారాల్లో పచ్చటి నలకలు కనిపిస్తాయి. నాలుగు ఆకులు వేశాక ఆకు పట్టుకుని, కాడ పట్టుకోకుండా, సంచుల్లోకి మార్చు. కొమ్మ నాటినా మేడి వస్తుంది గానీ మర్రి, జువ్వి అంత సులువుగా వేరు పట్టదు. పైగా కొమ్మలన్నీ ఒకే చెట్టువైతే కాపు కూడా ఒకేసారి వస్తుంది, మనకి కావలసింది అది కాదు.

అంటుకి కాక మేడిమానుగానే పెంచే మొక్కని నడుము ఎత్తు వచ్చాక, తొలకరి తర్వాత నాటాలి. చోటు ముఖ్యం. ఇంటికి, సెప్టిక్ ట్యాంకుకి, నీళ్ల పైపులకి దూరంగా. వంద అడుగులు ఉంటే నిశ్చింత. చెరువు కట్ట మీద పెట్టొద్దు, వేరు కట్టని బలహీనం చేస్తుంది. వంక పక్కన, పొలం పల్లపు మూల మంచిది. మేడి తడి నేలను ఇష్టపడే చెట్టు, వరాహమిహిరుడు బృహత్సంహితలో భూమిలో నీళ్ల జాడ చెప్పే చెట్లలో దీన్ని కూడా లెక్కపెట్టాడు. మర్రిలా ఊడలు దించి చుట్టూ ఎకరాలు ఆక్రమించదు. మీకు దగ్గర్లోని తిమ్మమ్మ మర్రిమాను ఇంచుమించు అయిదెకరాలు కప్పేసి 1989లో గిన్నిస్ కెక్కింది కదా, మేడితో ఆ బాధ లేదు. మొదటి రెండేళ్లు ముళ్ల కంచె తప్పనిసరి, మేకకి ఈ ఆకంటే ప్రాణం. ఆకుల మీద బొడిపెలు వస్తే కంగారుపడి మందు కొట్టకు. అదొక పురుగు కట్టుకున్న గూడు, చెట్టుకి ఏమీ కాదు.

వాడుక సంగతి పెద్దమ్మ చెప్పమన్నది రాస్తున్నాను. లేత పచ్చికాయలు, ఇంకా రంగు తిరగనివి, కోసి రెండు చేసి వెంటనే మజ్జిగ నీళ్లలో వెయ్యి. పాలు, వగరు అందులో దిగిపోతాయి. ఉప్పు, పసుపు వేసి ఉడికించి, గట్టిగా పిండి, శనగపప్పు, కొబ్బరి, ఎండుమిర్చి తాలింపుతో పొడికూర చేసుకోవచ్చు. తమిళనాడులోనూ బెంగాల్లోనూ ఇది ఇప్పటికీ మామూలు కూర, మనమే మర్చిపోయాం. పండు తినాలంటే పొద్దున్నే కోసి, విప్పి, పది నిమిషాలు ఎండలో పెట్టి దులిపితే ఈగలు వెళ్లిపోతాయి. రుచి మరీ గొప్పగా ఉండదు, అబద్ధం చెప్పను. అంజూర ముందు నిలవదు. కొమ్మలు నరికితే మేపు. చెక్క తేలిక, తలుపులకి పనికిరాదు. కానీ నీళ్లలో మునిగి ఉంటే చాలాకాలం చెక్కుచెదరదు, అందుకే పాత బావుల అడుగున ఒర కింద మేడి చెక్క వేసేవాళ్లు. శుక్రుడికి హోమం చేసేవాళ్లు సమిధలు అడుగుతారు, ఎండుపుల్లలు ఏరుకోమను. దత్తాత్రేయుడి భక్తులు, పిఠాపురం వెళ్లొచ్చిన వాళ్లు, ప్రదక్షిణకి వస్తామంటే దారి ఇవ్వండి. వాళ్ల వల్ల గొడ్డలి దూరంగా ఉంటుంది.

రెండు విషయాల్లో మాత్రం గట్టిగా ఉండు. వేరు కోసి కుండ కట్టి నీళ్లు పట్టుకుంటామని ఎవరో ఒకరు వస్తారు. ఆ వేరు నీళ్లు చలవ చేస్తాయని పేరు. ఒకరికి ఒప్పుకుంటే ఊరంతా వస్తుంది, వేళ్లన్నీ గాయాలపాలవుతాయి. రెండోది, షుగరుకి మేడి బెరడు కషాయం అని చెప్పి చెట్టు చుట్టూ తోలు ఒలిచేవాళ్లు. చుట్టూ ఒలిస్తే చెట్టు చస్తుంది. మాత్రలు మానేసి కషాయం తాగినవాడి సంగతి వేరే చెప్పాలా.

రాలిన పండ్ల మీద మామూలు ఈగలు ముసిరే బాధకి చెట్టు కొట్టడం మందు కాదు. పండ్లు రాలే ఆ కొద్ది వారాలు రోజూ ఊడ్చి మేకలకు పడెయ్యండి, మిగిలింది ఎరువు గుంటలో వేసి మట్టి కప్పండి. సొంత పొలంలోదైనా చెట్టు కొట్టడానికి వాల్టా చట్టం కింద అనుమతి అడగాల్సి వస్తుందని కూడా అల్లుడికి గుర్తు చెయ్యి.

ఇప్పుడు పండ్లు ఎర్రబడుతున్న కాలం, ఈ వారమే గింజలు తీసి పెట్టుకో. జులైలో నేను వచ్చేటప్పుడు ఇక్కడి మూడు వేర్వేరు చెట్ల మొక్కలు, నడుము ఎత్తువి, తెస్తాను. ఈలోగా వంక గట్టున మూడడుగుల గుంటలు మూడు తవ్వించి, పశువుల ఎరువు వేసి ఉంచండి.

ఇట్లు,
పెదనాన్న