బౌద్ధంపై పరిశోధనకు బౌద్ధులే కావాలా?

ప్రశ్న: మా అమ్మాయి చరిత్రలో ఎం.ఏ. చేసింది. నాగార్జున విశ్వవిద్యాలయంలో బౌద్ధంపై పీహెచ్‌డీ చేస్తానంటోంది. మాది ఆ మతం కాదు, కుదురుతుందా?
– ఒక తండ్రి, చిలకలూరిపేట

జవాబు: నిక్షేపంగా కుదురుతుందండీ. మతం అడ్డు కాదు. పీహెచ్‌డీ ప్రవేశ పరీక్ష ఏపీఆర్‌సెట్‌కు సిద్ధమవుతూనే ప్రాకృతం, బ్రాహ్మీ లిపి ఇప్పుడే మొదలుపెట్టమనండి. అవి రాకపోతే అనువాదాల్లోని తప్పులన్నీ తన థీసిస్‌లోకి వచ్చేస్తాయి.

ఆ భాషలో, ఆ లిపిలో ఉన్న నాగార్జునకొండ శాసనాలే చూడండి. 3వ శతాబ్దంలో ఇక్ష్వాకు రాజు శాంతమూలుడు అశ్వమేధం చేశాడు. ఆయన సోదరి చాంతిసిరి మహాచైత్యానికి స్తంభం నిలబెట్టి, తన పేరు చెక్కించుకుంది. ఒకే ఇంట్లో యాగమూ, చైత్యమూ! అక్కడి దాతల్లో రాజకుటుంబపు స్త్రీలే ప్రముఖులు. ఎందుకలా? నాకైతే పరిశోధనకు ఇంతకన్నా మంచి ప్రశ్న కనపడదు. వీలైతే అమ్మాయికి గుండ్లకమ్మ ఒడ్డున ఉన్న చందవరం బౌద్ధ స్తూపం కూడా చూపించండి.