రోజుకు 20 నిమిషాలు.. వయొలిన్ మీ మాట వింటుంది!

ఆఫీసు, ట్రాఫిక్, పిల్లల హోంవర్క్. వయొలిన్ కేసేమో అటక మీద. ‘ఆదివారం తీరిగ్గా మూడు గంటలు కూర్చుంటా’ అనుకుంటారు. ఆ తీరికైన ఆదివారం రాదు. వచ్చినా, వారమంతా ఖాళీగా ఉన్న వేళ్లు ఒక్కరోజులో దారికి రావు.

అందుకే ప్లాన్ మార్చండి. రోజుకు 20 నిమిషాలు. అంతే!

బెర్లిన్‌లోని సంగీత అకాడమీలో వయొలిన్ విద్యార్థుల సాధనను పరిశీలించి, అండర్స్ ఎరిక్‌సన్ బృందం 1993లో ఒక పరిశోధన పత్రం ప్రచురించింది. జనానికి గుర్తున్నది ‘పదివేల గంటలు’ అన్న మాటే. కానీ వాళ్లు గంటలతో పాటు ఇంకోటీ నొక్కి చెప్పారు. రాని చోటేదో పట్టుకుని, సరిదిద్దుకుంటూ చేస్తేనే అది సాధన. వచ్చేసిన కృతినే వందోసారి వాయించడం కాలక్షేపం. మీకున్న టైమ్‌లో కాలక్షేపానికి చోటు లేదు.

1. ముందురోజు రాత్రే తేల్చుకోండి. ‘రేపు మోహన వర్ణం వాయిస్తా’ అంటే కుదరదు. ‘చిట్టస్వరంలో వేలు తడబడే ఆ ఒక్క ఆవర్తనం’ అని రాసుకోండి. టార్గెట్ ఎంత చిన్నదైతే ఫలితం అంత త్వరగా కనిపిస్తుంది.

2. టైమ్ ఫిక్స్ చేయండి. స్నానం అయ్యాక, టిఫిన్‌కి ముందు. కేసు అటక దిగాలి. చాప, రోజిన్, శ్రుతి యాప్ రాత్రే రెడీగా ఉండాలి.

3. 20 నిమిషాలను ఇలా పంచుకోండి.

- 4 నిమిషాలు: స-ప-స-ప శ్రుతి చూసుకుని, ఖాళీ తీగల మీద ఈ చివర నుంచి ఆ చివరిదాకా కమాను లాగండి.
- 5 నిమిషాలు: ఒకే ఒక్క జంట వరుస, మూడు కాలాల్లో.
- 9 నిమిషాలు: రాని చోటు.
- 2 నిమిషాలు: మీకు నచ్చింది, హాయిగా.

4. స్పీడ్ తగ్గించండి. మన సరళీ వరుసల్లోనే ఈ పద్ధతి ఉంది. ఆదితాళం ఒక ఆవర్తనంలో మొదటి కాలానికి 8 స్వరాలు, రెండో కాలానికి 16, మూడో కాలానికి 32. మొదటి కాలం శుభ్రంగా పలికాకే రెండోది.

రాని చోటునూ అలాగే పట్టండి. ముందు నోటితో పాడండి. తర్వాత కమాను లేకుండా ఎడమచేతి వేళ్లతో నొక్కి చూడండి. అప్పుడు కమాను పెట్టండి, సగం స్పీడులో. వరసగా మూడుసార్లు తప్పు లేకుండా వచ్చిందా? మెట్రోనోమ్ వేగం నిమిషానికి 5 బీట్లు పెంచండి. మూడోసారి తప్పిందా? మళ్లీ ఒకటి నుంచి లెక్క. చివర్లో వెనక రెండు స్వరాలు, ముందు రెండు స్వరాలు కలిపి వాయించండి. ఎందుకంటే చాలాసార్లు తప్పు జరిగేది ఆ అతుకు దగ్గరే.

5. రికార్డ్ చేయండి. ఒక్క నిమిషం చాలు. వాయించేటప్పుడు చెవి దాటిపోయిన అపస్వరం ఫోన్‌లో దొరికిపోతుంది. రేపటి టార్గెట్ అదే!

6. దారిలోనూ సాధనే. మెట్రోలో సీటు దొరికిందా? తొడ మీద తాళం వేస్తూ వర్ణం స్వరాలు మనసులో అనుకోండి. ఎక్కడ మర్చిపోయారో అక్కడ మీకింకా కంఠతా రాలేదన్నమాట.

ఒకరోజు తప్పిందా? పర్లేదు. రెండో రోజు మాత్రం తప్పొద్దు. ఒంట్లో ఓపిక లేకపోతే 5 నిమిషాలు ఖాళీ తీగలు వాయించి లేవండి. అలవాటు తెగకపోవడమే ముఖ్యం.

ఇంకెందుకు ఆలస్యం? ఫోన్ తీసి రేపటి టార్గెట్ ఒక్క లైన్‌లో టైప్ చేయండి. పొద్దున ఆ ఒక్క లైనే వాయించండి!