కాసోవరీకి అరటిపండు పెట్టవద్దు

ప్రశ్న: నల్లటి ఒళ్లు, నీలం మెడ, నెత్తిన కొమ్ములాంటిది ఉన్న పెద్ద పక్షిని టీవీలో చూశాను. నిప్పుకోడిలో రకమా?
– ఓ పాఠకురాలు, తణుకు

జవాబు: కాదండీ. అది కాసోవరీ. ఈమూ దాని దగ్గరి చుట్టం. మెడ కింద రెండు ఎర్రటి తోలుముక్కలు వేలాడుతుంటే మీరు చూసింది దక్షిణ కాసోవరీనే. నిలబడితే దాదాపు మనిషంత ఎత్తు. ఆడది మగదానికన్నా పెద్దది, 60 కిలోలు కూడా తూగుతుంది. ఈకలు ముతక వెంట్రుకల్లా ఒళ్లంతా జాలువారతాయి. రెక్కల చోట మిగిలినవి కొన్ని బోసి ఈనెలే, ఇక ఎగరడం ఎక్కడిది!

ఆ కొమ్ము ఎందుకన్నది పాత తగువే. పొదల్లో దూసుకుపోవడానికి శిరస్త్రాణం అనేవారు కొందరు. 2019లో ఆస్ట్రేలియా పరిశోధకులు థర్మల్ కెమెరాతో చూస్తే, ఎండ ముదిరినప్పుడు ఒంటి వేడి దాని గుండా బయటికి పోతోందని, చల్లగా ఉన్నప్పుడు పోవడం తగ్గుతోందని తేలింది. నాకు ఈ జవాబే నచ్చింది.

ప్రశ్న: ఎక్కడ ఉంటుంది? ఏం తింటుంది?
– ఓ విద్యార్థి, ఖమ్మం

జవాబు: న్యూగినీ, దాని చుట్టుపక్కల కొన్ని దీవులు, ఆస్ట్రేలియాలో ఈశాన్య క్వీన్స్‌లాండ్ వానకారడవులు. ముఖ్యంగా రాలిన పండ్లు తింటుంది, అవీ గుటుక్కున మింగేస్తుంది. గింజలు చెక్కుచెదరకుండా దూరంగా ఎక్కడో రెట్టలో పడి మొలుస్తాయి. రైపరోసా అనే ఒక క్వీన్స్‌లాండ్ చెట్టు గింజలు మామూలుగా నూటికి నాలుగే మొలకెత్తితే, కాసోవరీ కడుపులోంచి వచ్చినవి తొంభైకి పైగా మొలిచాయి! ఆడది గుడ్లు పెట్టి తన దారిన పోతుంది. పొదగడం, చారల పిల్లలను నెలల తరబడి వెంటేసుకు తిరగడం మగదాని పనే.

ప్రశ్న: మనుషుల్ని చంపుతుందట, నిజమా?
– ఓ పాఠకుడు, హైదరాబాద్

జవాబు: చంపగలదు. లోపలి కాలివేలికి 12 సెంటీమీటర్ల బాకులాంటి గోరుంది. కానీ నమోదైన మరణాలు బాగా అరుదు: 1926లో ఆస్ట్రేలియాలో ఒక కుర్రాడు, 2019లో ఫ్లోరిడాలో దాన్ని పెంచుకుంటున్న యజమాని. క్వీన్స్‌లాండ్‌లో మనుషుల మీద జరిగిన దాడులను లెక్కతీస్తే, సుమారు ముప్పావు వంతు మనుషుల చేతి తిండి మరిగిన పక్షులవే. ముచ్చటపడి అరటిపండు అందించేవాళ్లే దాని భయం పోగొడుతున్నారు. ఆపైన అది రోడ్డెక్కి కార్ల కింద పడుతోంది. ఎప్పుడైనా అటు వెళ్లి ఎదురుపడితే పరుగెత్తకండి. ముఖం దానివైపే ఉంచి, చేతిసంచి అడ్డం పెట్టుకుని, మెల్లగా వెనక్కి నడవండి.