చలిని కోరే విత్తనాలు

మన రైతు తొలకరి కోసం ఎదురుచూస్తాడు. మృగశిర కార్తెలో నాలుగు చినుకులు రాలి నేల పదునెక్కితే ఏరువాక సాగుతుంది. విత్తిన వారం రోజులలో మొలక తలెత్తుతుంది. విత్తనానికి కావలసినవి తడి, వెచ్చదనం అని మనం చిన్ననాటినుండి నేర్చుకున్న పాఠం. అమెరికా ఉత్తరభాగంలోని మిన్నెసోటా రాష్ట్రంలో ఈ పాఠం తలక్రిందులవుతుంది. అక్కడి అడవిపూలను పెరటిలో పెంచదలచినవారు నవంబరులో, నేల గడ్డకట్టడానికి కొద్దిరోజుల ముందు, విత్తనాలు చల్లి ఊరుకుంటారు. ఆపై నెలల తరబడి ఆ నేలను మంచు కప్పివేస్తుంది. శీతోష్ణస్థితి సున్నాకు ఇరవై, ఒక్కొక్కప్పుడు ముప్పై డిగ్రీల దిగువకు పడిపోతుంది. అంతటి చలికి విత్తనం చచ్చిపోదా అని మనకు సందేహం కలగడం సహజం. చచ్చిపోదు సరికదా, చాలా జాతులలో ఆ చలి తగలనిదే విత్తనం మొలకెత్తదు.

దీనికి కారణం లేకపోలేదు. ఆ పూలమొక్కల గింజలు ఎక్కువగా వేసవి చివర పండి రాలుతాయి. శరదృతువులో వానలు కురుస్తాయి, కొంత ఎండ కూడా ఉంటుంది. ఆ తడికి భ్రమపడి గింజ మొలకెత్తిందా, రెండాకుల మొక్క తొలి మంచుకే మాడిపోతుంది. అందుకే ప్రకృతి ఆ గింజకు తాళం వేసి ఉంచింది. మొలకను నిరోధించే రసాయనాలు గింజలో ఉంటాయి. తడితో కూడిన చలి కొన్ని వారాలపాటు సోకితేనే వాటి ప్రభావం సన్నగిల్లుతుంది. పొడిచలి చాలదు. శరత్కాలంలో విత్తడం మరచినవారు గింజలను తడి ఇసుకలో కలిపి ఫ్రిజ్‌లో ముప్పై నుండి అరవై రోజులు ఉంచి, వసంతంలో నాటుకుంటారు. పెరుగు గిన్నె పక్కన వసంతం కోసం నిరీక్షించే గింజల డబ్బా చూడముచ్చటైన దృశ్యమే!

ఈ పూలను ప్రేమించి, వాటికొక ఆశ్రయం కల్పించినవారిలో ఎలోయీస్ బట్లర్ అగ్రగణ్యురాలు. 1851లో మెయిన్ రాష్ట్రంలో జన్మించిన ఆమె 1874లో మినియాపోలిస్ నగరానికి వచ్చి, ఉన్నత పాఠశాలల్లో వృక్షశాస్త్రం బోధించారు. నగరం విస్తరిస్తున్నకొద్దీ చిత్తడినేలలు పూడిపోవడం, చెట్లు నేలకూలడం ఆమె కళ్లారా చూశారు. రేపటి విద్యార్థులకు ఈ పూలను పుస్తకాలలో తప్ప చూపలేమన్న ఆవేదనతో, తోటి ఉపాధ్యాయులతో కలిసి నగర ఉద్యానవనాల పాలకమండలికి విన్నవించారు. ఫలితంగా 1907లో ఒక చిత్తడినేల చుట్టూ చిన్న వనం వెలసింది. 1911లో ఉద్యోగ విరమణ చేసి ఆమె ఆ వనపాలనే వ్రతంగా స్వీకరించారు. 1929లో దానికి ఆమె పేరే పెట్టారు. 1933లో మరణించేవరకు ఆమె ఆ వనాన్ని విడువలేదు.

అడవిపూల పెంపకంలో అన్నిటికన్నా కష్టమైనది ఓర్పు. ట్రిల్లియం అనే మూడు రేకుల తెల్లని పువ్వును తీసుకోండి. దాని గింజకు ఒక చలికాలం చాలదు. మొదటి శీతకాలం గడిచాక వేరు మాత్రమే పుడుతుంది. రెండవది కూడా దాటితేగాని ఆకు పైకి రాదు. ఆపైన పూయడానికి ఏడేళ్లో, అంతకు మించో పడుతుంది. ఆ గింజలను అడవిలో విత్తేవి చీమలు! గింజకు అంటుకొని ఉన్న కొవ్వుముద్ద కోసం వాటిని పుట్టలోకి మోసుకుపోయి, తిన్న తరువాత మిగిలిన గింజను పారవేస్తాయి. మిన్నెసోటా రాష్ట్రపుష్పమైన లేడీస్ స్లిప్పర్ మరింత పట్టుదల గలది. ధూళివంటి దాని గింజలో ఆహారమేమీ ఉండదు. నేలలోని ఒక శిలీంధ్రం పోషిస్తేనే మొలుస్తుంది. తొలిపువ్వు పూయడానికి పదహారేళ్ల వరకు పట్టవచ్చు. దానిని అడవినుండి పెకలించి పెరటిలో నాటుకుంటే సాధారణంగా బ్రతకదు. ఇక్కడా లేదు, అక్కడా లేదు. 1925లోనే దానిని కోయడాన్ని చట్టం నిషేధించింది. గింజలనుండి పెంచి అమ్మే నర్సరీలలో కొనడమే సరైన మార్గం.

అన్నీ ఇంత మొండివి కావు. మిల్క్‌వీడ్ అనే మొక్క ఒక్క చలికాలంతో తృప్తిపడుతుంది. ఇది మన జిల్లేడుకు దగ్గరి చుట్టం. తుంచితే పాలు కారుతాయి. కాయ పగిలితే దూదిపింజలు గాలిలో తేలిపోతాయి. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో ప్రాణరక్షక కవచాలలో నింపడానికి అమెరికా బడిపిల్లలు ఈ కాయలను సంచులకొద్దీ ఏరారు. మోనార్క్ సీతాకోకచిలుక గొంగళిపురుగు ఈ ఆకులను తప్ప మరొకటి తినదు. రథసప్తమినాడు మనం తలపై పెట్టుకునే జిల్లేడాకును తిని పెరిగే నారింజరంగు సీతాకోకచిలుక కూడా మోనార్క్ కోవకు చెందినదే. ఆ పాలలోని విషాన్ని ఒంటబట్టించుకొని రెండూ పక్షులనుండి తప్పించుకుంటాయి. కలుపు అని మిల్క్‌వీడ్‌ను పీకివేసిన చోట మోనార్క్ గుడ్డుపెట్టే తావు పోతుంది.

ఈ తోటలకు ఇరుగుపొరుగుల మెప్పు మాత్రం సులభంగా దొరకదు. నున్నగా కత్తిరించిన పచ్చికే అందమని నమ్మే వీధిలో నడుమెత్తు పూలమొక్కలు నిర్లక్ష్యానికి గుర్తుగా కనబడతాయి. గడ్డి ఎత్తుకు పరిమితి విధించిన పురపాలక నిబంధనలు చాలామందికి చిక్కులు తెచ్చాయి. 2019లో తేనెటీగల కోసం ఇటువంటి తోటలు వేసేవారికి సాయపడేందుకు మిన్నెసోటా శాసనసభ నిధులిచ్చింది. 2023లో ఉద్దేశపూర్వకంగా పెంచే సహజమైన తోటలను నగరాలు అనుమతించాలని చట్టం చేసింది.

చలికాలంలో ఎండిన కాడలను చూచి, వెంటనే కోసి శుభ్రం చేయాలని చేయి ఉవ్విళ్లూరుతుంది. అది పొరపాటు. బోలుకాడలలో తుట్టె కట్టని ఒంటరి తేనెటీగలు నిద్రిస్తుంటాయి. రాలిన ఆకులు వేళ్లకు దుప్పటి అవుతాయి. ఏప్రిల్ కరిగే మంచులో నూగు కప్పుకొన్న పాస్క్ పువ్వు ఊదారంగు రేకులు విప్పుతుంది. అప్పటికీ కత్తెర తీయరు. పగలు వెచ్చబడి ఆ ఈగలు బయటికి వచ్చాకనే కాడలను కోస్తారు.