ముందు వాన్ ఐపీ చూడండి

గుంటూరు, తెనాలి చుట్టుపక్కల ఆఫీసులకీ మిల్లులకీ నెట్‌వర్క్‌లు వేస్తూ ఇరవై రెండేళ్లు గడిపాను. ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలు ఎక్కువగా తడబడేది నాట్ దగ్గరే. వాళ్ల కోసం ఇవి.

1. రౌటర్‌లో ఏదీ ముట్టుకోకముందే స్టేటస్ పేజీ తెరిచి వాన్ ఐపీ కాగితం మీద రాసుకోండి. బయటి ప్రపంచానికి మీ ఐపీ ఏమని కనిపిస్తోందో బ్రౌజర్‌లో చూసి పక్కనే రాయండి. రెండూ ఒకటైతే నాట్ మీ ముందున్న పెట్టెలోనే జరుగుతోంది. వేరైతే పైన ఇంకో నాట్ ఉంది.

ఇది ఒక రైసు మిల్లులో నేర్చుకున్నాను. కెమెరాలు ఫోన్‌లో కనపడాలన్నారు. డీవీఆర్‌కి 8000 పోర్ట్ ఫార్వర్డ్ చేశాను, రాలేదు. రౌటర్ రీసెట్ కొట్టాను, ఫర్మ్‌వేర్ మార్చాను, తవుడు దుమ్ములో కూర్చుని డీవీఆర్ కేబుళ్లన్నీ పీకి మళ్లీ పెట్టాను. రెండు రోజులు పోయాయి. చివరికి వాన్ ఐపీ చూస్తే 100.72తో మొదలైంది. 100.64 నుంచి 100.127 దాకా ఉన్న అడ్రసులు 2012లో నెట్ కంపెనీల లోపలి వాడకానికి విడిగా పెట్టినవి. అంటే ఒక పబ్లిక్ ఐపీని ఎంతోమంది కస్టమర్లకు కంపెనీయే పంచుతోంది. మన రౌటర్‌లో ఎన్ని పోర్టులు తెరిచినా బయటివాళ్లు అక్కడి దాకా రాలేరు. నెలకింత కట్టి స్టాటిక్ ఐపీ తీసుకోవాల్సి వచ్చింది. రెండో రోజు కూలి నేను అడగలేదు.

2. వాన్ ఐపీ 192.168 అనో 10 అనో మొదలైతే కంపెనీ వాళ్ల ఫైబర్ పెట్టె కూడా రౌటర్‌లా పనిచేస్తుండవచ్చు. దాన్ని బ్రిడ్జ్ మోడ్‌లో పెట్టించండి, లేదా మీ రౌటర్‌ని యాక్సెస్ పాయింట్‌గా మార్చండి. 172తో మొదలయ్యేవన్నీ ప్రైవేటు కావు. 172.16 నుంచి 172.31 వరకే.

3. నాట్ అంటే ఒక పట్టిక. ఫలానా లోపలి ఐపీ, ఫలానా పోర్ట్, బయటికి ఫలానా పోర్ట్ అని ఒక్కో వరుస. లోపలివాడు ముందు పలకరిస్తేనే వరుస పడుతుంది. పోర్ట్ ఫార్వర్డింగ్ అంటే ఆ వరుసను మనమే రాసి ఉంచడం. కాసేపు ఎవరూ మాట్లాడకపోతే, తనంతట తానే పడిన వరుసను రౌటర్ చెరిపేస్తుంది. యూడీపీ వరుసలైతే ఇంకా త్వరగా పోతాయి. ఆఫీసులో ఐపీ ఫోన్‌కి కాసేపటి తర్వాత కాల్స్ రావడం ఆగిపోతే ఇదే అనుమానించండి. ఫోన్‌లో కీప్ అలైవ్ 30 సెకన్లకు పెట్టి చూడండి. మన మాట వాళ్లకు వినపడి, వాళ్ల మాట మనకు రాకపోతే రౌటర్‌లో సిప్ ఏఎల్‌జీ ఆపి చూడండి. చాలాసార్లు దాంతోనే కుదురుకుంది.

4. పోర్ట్ తెరుచుకుందో లేదో అదే వైఫై మీద ఉండి పబ్లిక్ ఐపీతో పరీక్షించకండి. లోపలినుంచి బయటికెళ్లి మళ్లీ లోపలికి తిరిగి రావడం చాలా రౌటర్లకు చేతకాదు. వైఫై కట్టేసి మొబైల్ డేటాతో చూడండి.

5. నిన్నటిదాకా పనిచేసింది, కరెంటు పోయి వచ్చాక ఆగిపోయింది అంటే ముందు డీహెచ్‌సీపీ లిస్టు తీయండి. మీరు ఫార్వర్డ్ చేసింది 192.168.1.34కి, డీవీఆర్ ఇప్పుడు 41లో కూర్చుంది. మ్యాక్ అడ్రస్‌తో ఐపీ రిజర్వ్ చేసేయండి.

6. పోర్ట్ తెరిచేముందు ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ మార్చాల్సిందే. 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్ ఇలా వదిలేసిన కెమెరాలు, డీవీఆర్‌లనే లక్షల్లో పట్టుకుని పెద్ద పెద్ద వెబ్‌సైట్లను ఆపేసింది. కస్టమర్ తొందరపెట్టినా ఈ ఒక్క విషయంలో నేను వినను. ఆ మిల్లులో ఇప్పుడు 8000 మూసే ఉంది. స్టాటిక్ ఐపీ మీద వీపీఎన్ పెట్టాను, యజమాని దాన్ని ఆన్ చేసుకునే కెమెరాలు చూస్తారు.