రవ్వ లేనిదే బండి కదలదు

పొయ్యిలో పుల్లలున్నాయి. అగ్గిపుల్ల గీయలేదు. మంట వస్తుందా? రాదు. పెట్రోలు బండి కూడా అంతే. పెట్రోలు ఒక్కటే చాలదు. దాన్ని అంటించే నిప్పురవ్వ కావాలి.

కూరగాయలు మోపెడ్ మీద సంతకు తీసుకెళ్లే అక్కచెల్లెళ్లు ఎందరో ఉన్నారు. పొద్దున్నే బండి కదలకపోతే ఆ రోజు బేరం పోయినట్టే. లోపం ఎక్కడుందో మనమే కొంత తెలుసుకోవచ్చు.

రవ్వ ఎలా పుడుతుంది?

కిక్కు కొడితే ఇంజనులో అయస్కాంతాల చక్రం తిరుగుతుంది. కరెంటు పుడుతుంది. కాయిలు దాన్ని వేల వోల్టులకు పెంచుతుంది. ఆ కరెంటు వైరు వెంట ప్లగ్గుకు చేరుతుంది. ప్లగ్గు కొసన సన్నని సందు ఉంటుంది. అక్కడ రవ్వ ఎగురుతుంది.

ఒక్కొక్కటే చూద్దాం

1. ట్యాంకులో పెట్రోలు ఉందా? స్విచ్చి ఆన్ చేశారా?

2. ప్లగ్గు టోపీ వదులైందా? గట్టిగా నొక్కండి.

3. ఇంజను చల్లారాక పెట్రోలు కాక్ మూయండి. పానాతో ప్లగ్గు విప్పండి. మసి పడితే తోమండి. తడిసి ఉంటే తుడిచి ఆరబెట్టండి. సందు ఎంత ఉండాలో బండి పుస్తకంలో రాసి ఉంటుంది. చదవండి.

4. ప్లగ్గుకు టోపీ తొడగండి. ప్లగ్గు రంధ్రానికి దూరంగా, ఇంజను లోహానికి ఆనేట్టు పెట్టండి. చెయ్యి తీసేసి కిక్కు కొట్టండి.

నీలం రవ్వ గట్టిగా వస్తే పెట్రోలు దారిలో లోపం ఉండవచ్చు. రవ్వ రాకపోతే కొత్త ప్లగ్గుతో చూడండి. అప్పుడూ రాకపోతే టోపీ, వైరు, కాయిలు, స్విచ్చి చూడాలి. అది మెకానిక్కు పని.

"కాయిలు పోయిందమ్మా" అని అతనంటే, "కొత్త ప్లగ్గుతో చూశావా అన్నా?" అని అడగండి. ప్లగ్గు ఖర్చు తక్కువ. కాయిలు ఖర్చు ఎక్కువ.

జాగ్రత్త!

ఒలికిన పెట్రోలు తుడవండి. ఆరుబయటే పరీక్ష చేయండి. దగ్గరలో బీడీ, దీపం, పొయ్యి ఉండరాదు. కిక్కు కొట్టేటప్పుడు ప్లగ్గును, వైరును ముట్టుకోవద్దు. షాకు కొడుతుంది.

ఇది కార్బురేటరు ఉన్న మోపెడ్లకే. 2020 తర్వాత వచ్చిన బళ్లలో చాలావాటికి కార్బురేటరు ఉండదు. వాటిని, కార్లను మెకానిక్కుకే చూపించండి.

చెప్పండి - రాయండి

1. ప్లగ్గు విప్పే ముందు ఏం మూయాలి?

2. నీలం రవ్వ వస్తే ఏం తెలుస్తుంది?

3. మీ బండి ప్లగ్గు మీద ఏ నంబరు ఉంది? చూసి రాసుకోండి. కొత్తది కొనేటప్పుడు చూపించండి.